నూట అరవై ఒకటో కాగితం

నల్లగొండ కోర్టు ఎదురుంగ నాది జిరాక్సు దుకాణం.
మిషిన్ నాది గాదు, లీజుది.
కాపీకి ముప్పై పైసల లెక్కన సేటుకు కట్టాలె.
అందుకే పొద్దుగాల మీటరెంత, మాపటికి మీటరెంత
డైరీల రాసిపెడ్త.
ఇరవై రెండేండ్ల సంది నేను రాసేదంత గంతే.

ఆ దినం వకీళ్లు కోర్టు బంద్ పెట్టిండ్రు, గిరాకి లేదు.
పరమేశం సారొక్కడే వచ్చిండు, నాలుగు పేజీలతోని.
బడి ఇడిచి తొమ్మిదేండ్లయినా జేబుల సుద్దముక్క ఉంటది.
పౌరహక్కులోళ్లు నిజనిర్ధారణకు ఏడికి పోయినా
లెక్కలు ఈయన చేతుల పెడ్తరు.
"నలభై సెట్లు" అన్నడు.
చిల్లర ముందే ఎంచి గాజుపలక మీద పేర్చిండు.

నేను చదవను. చదివితే ఈ పని నడవది.
విడాకులు, వీలునామాలు, పోస్టుమార్టాలు
నా చేతుల కిందికెళ్లి వెచ్చవెచ్చగ పోతుంటయ్.
ఆ పూట మూడో పేజీ లోపల ఇరికింది.
గుంజుతుంటే కండ్లబడ్డది:

తుమ్మలబావి సర్పంచ్ ఎలక్షను.
ఓటేసినోళ్లు పదకొండు వందల నలభై మూడు.
బడి అర్రల లెక్కతేలినయ్ పన్నెండు వందల పద్దెనిమిది.
నడుమ కరెంటు పోయింది, పదకొండు నిమిషాలు.
అడుగున సారు చేతిరాత, ఒకటే ముచ్చట:
"ఎక్కువైన డెబ్బై ఐదుగురు ఏ ఇంటోళ్లు, వాళ్ల పేర్లేంది?"

సారును దేవరకొండ బస్సుల కెళ్లి దింపిండ్రు, సంచితోని సహా.
అడగవోయిన నస్రీన్ వకీలు పేరు గూడ
అదే కేసుల, అదే సిరాతోని చేరింది.
సాక్ష్యం చెప్పిన సోమలమ్మను జీపెక్కమంటే
ఫ్లోరైడు నడుము మీద చెయ్యేసుకొని అన్నదట,
"నీళ్లే వంచినయ్ బిడ్డా, మీరింకేం వంచుతరు?"

మూడోనాడు నా కాడికొచ్చిండ్రు.
ఎస్సై సంచి కుమ్మరించిండు.
ఒకసారి ఎంచిండ్రు.
ఏలు తడిచేసి మళ్లొకసారి.
కానిస్టేబులును మార్చి మూడోసారి.
నూట అరవై కాగితాలు, ఒక్కటి తప్పు పోలే.
చాయ్ బండి జంగయ్యతోని పంచు సంతకం పెట్టించిండ్రు.
ఆ పూట కరెంటు గూడ పోలే.

తర్వాత డైరీ తెరిచిండు.
పొద్దుగాల నాలుగు లచ్చల పదారు వేల నలభై ఎనిమిది.
మాపటికి నాలుగు లచ్చల పదారు వేల రెన్నూట తొమ్మిది.
ఏళ్ల మీద తీసేసుకున్నడు. మంచి లెక్కగాడు.
"ఒకటి ఎక్కువుంది. ఆ ఒక్కటేదిర?"

యాదికి లేదన్న. నిజంగనే లేదు.
చెత్తబుట్ట బోర్లించిండ్రు. రీములు చింపిండ్రు.
దేవుని పటం ఎనక చూసిండ్రు, నా సద్దిగిన్నె మూత తీసిండ్రు.
నాకు నవ్వొచ్చింది, భయానికి దగ్గొచ్చిందన్న.
డెబ్బై ఐదు మందిని ఎవ్వలు దేవులాడలే,
ఒక్క కాగితానికి ఐదుగురు జవాన్లు.

ఆఖరికి మిషిన్ను నలుగురు ఎత్తుకపోయిండ్రు.
అదున్నకాడ బండలు తెల్లగ తేలినయ్, చుట్టూర దుమ్ము.
ఎడమ కాలుండే మూలకు
నాలుగు మడతల కాగితం.
ఊగుతుందని నేనే పెట్టిన, నేనే మరిచిన.

షట్టరు సగం గుంజి ఇప్పిన.
బరువుకు నడుమ గుండ్రంగ గుంత పడ్డది,
పన్నెండు వందలల్ల పద్దెనిమిది నలిగిపోయింది.
సారు అడిగింది మటుకు మంచిగున్నది.

తెల్లారి ఒక పిలగాడు కులం సర్టిఫికెట్ పట్టుకొచ్చిండు.
మిషిన్ లేదు పోరా, అన్న.
చినిగిన రీములకెళ్లి బాగున్న తావు ఒకటి తీసి
పెన్ను పట్టిన.
'నిజనిర్ధారణ' కాడ్నే ఆగింది చెయ్యి,
ద కింద గీత ఉంటదో ఉండదో తెల్వక.
జంగయ్యను అడిగిన. ఉంటదన్నడు.
పంచు సంతకం పెట్టిన చెయ్యి అది, నా దిక్కు చూడలే,
చాయ్ పైసలు గూడ తీసుకోలే.

పొద్దుమీకెటాల్లకు ఐదో, ఆరో అయినయ్.
రాసిపెట్టలే.